బెలెం హామీలు మా సబ్‌స్టేషన్ దాకా రావాలంటే ఏం కావాలి?

#1 మూసీగట్టు (సూర్యాపేట జిల్లా)

అందరికీ నమస్కారం. మా ఊరి సబ్‌స్టేషన్‌కి కిలోమీటరున్నర దూరంలో మాకు నాలుగున్నర ఎకరాల చెలక ఉంది. బోర్లు వేశాం, నీళ్లు పడలేదు. పత్తి పెడితే పెట్టుబడి తిరిగొచ్చిన ఏడు తక్కువ. కుసుమ్ పథకం కింద రైతే ఒక మెగావాట్ సోలార్ ప్లాంట్ పెట్టుకుని కరెంటును డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) అమ్ముకోవచ్చని తెలిసి దరఖాస్తు పెట్టాను. అప్పటి నుంచి బ్యాంకుల చుట్టూ తిరుగుతున్నా. ఒక బ్రాంచిలో ఆఫీసర్ ఫైలంతా చూసి, "ఇట్లాంటి లోను మా దగ్గర ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు, పై ఆఫీసు నుంచి చెప్పించుకోండి" అన్నాడు. ఇంకో చోట ఊళ్లో ఇల్లు, టౌన్లో ప్లాటు కూడా తాకట్టు పెట్టమన్నారు.

ఇక పేపర్ తెరిస్తే వేరే లోకం. 2024లో బాకూలో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సభలో 2035 నాటికి పేద, వర్ధమాన దేశాలకి ఏటా 30 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నారు. అన్ని దారుల్లో కలిపి 1.3 లక్షల కోట్ల డాలర్లకి చేరాలన్నారు. 2025లో బ్రెజిల్‌లోని బెలెంలో జరిగిన సభలో మళ్లీ అదే మాట. కరెంటు ఉత్పత్తి సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వనరులదే కావాలని మన దేశం 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని 2025లోనే అందుకుంది. ఇవన్నీ చదివి సంతోషపడేవాణ్ణే. కానీ ఆ డబ్బుకీ మా ఊరి బ్రాంచికీ మధ్య దారి ఎక్కడ తెగిపోతోందో నాకు అర్థం కావడం లేదు. ఎవరినీ తిట్టడానికి అడగడం లేదు. ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

#2 సూటిప్రశ్న (హైదరాబాద్)

అన్నా, ఆ అంకెల్ని నమ్ముకుంటే నష్టపోతావు. 2009లో కోపెన్‌హేగన్‌లో ఏమన్నారు? 2020 కల్లా ఏటా 10 వేల కోట్ల డాలర్లు అన్నారు. అది తీరింది 2022లో, అదీ వాళ్ల లెక్క ప్రకారం. ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం అప్పులే. బాకూలో 30 వేల కోట్ల అంకె ఖరారు కాగానే మన ప్రతినిధే లేచి అది సరిపోదని, తమ మాట వినకుండానే ఆమోదించారని సభలోనే అభ్యంతరం చెప్పారు. అమెరికా అయితే పారిస్ వాతావరణ ఒప్పందం నుంచే బయటికి వెళ్లిపోతానని 2025లో ప్రకటించింది. ఇలాంటి హామీల మీద నాలుగెకరాల రైతు ప్లాను వేసుకోవాలా?

#3 ఎల్బేతీరం (హాంబర్గ్)

నేను ఇక్కడ కరెంటు గ్రిడ్ కంపెనీలో పనిచేస్తాను. సొంతూరు తెనాలి దగ్గర. సూటిప్రశ్న గారు చెప్పినవన్నీ నిజమే, కానీ మూసీగట్టు గారి ప్రశ్నకి జవాబు అక్కడ లేదు.

వాతావరణ సభల్లో ఇచ్చే హామీ వెంట డబ్బు రాదు. మా దేశం ఫలానా ఏడాదికి ఇంత చేస్తుందని ప్రతి దేశం ఒక కాగితం ఇస్తుంది, అంతవరకే. ఆ కాగితం దేశంలో చట్టంగా మారాలి, చట్టం నుంచి ధర రావాలి, ధర మీద కొనుగోలు ఒప్పందం రావాలి, ఆ ఒప్పందాన్ని చూసి బ్యాంకు అప్పు ఇవ్వాలి. ఇందులో ఏ మెట్టు ఊడినా కింద మనిషికి ఏమీ అందదు.

జర్మనీలో 2000లో తెచ్చిన పునరుత్పాదక ఇంధన చట్టాన్ని చూడండి. ఎండలో జర్మనీ మన సూర్యాపేటకి ఏ మూలకూ సరిపోదు. అయినా పల్లెల్లో కొట్టాల కప్పుల మీద, గోదాముల మీద ప్యానెళ్లు ఎలా వచ్చాయంటే, ఆ చట్టం రెండు మాటలు చెప్పింది. మీరు తయారుచేసిన కరెంటును గ్రిడ్ తీసుకుని తీరాలి. 20 ఏళ్లు ఇదే ధర ఇస్తాం. ఆ రెండు మాటలతో పల్లెలోని సహకార బ్యాంకు మేనేజర్‌కి కూడా ధైర్యం వచ్చింది. రైతుకు 20 ఏళ్ల రాబడి ముందే తెలుసు, అప్పు ఎప్పుడు తీరుతుందో బ్యాంకుకి ముందే తెలుసు. మొదట్లో ధర బాగా ఎక్కువ పెట్టారు, ఆ భారం ఇళ్ల బిల్లుల మీద పడింది, దాని మీద పెద్ద గొడవలే జరిగాయి. అది వేరే చర్చ. కానీ సామాన్యుడు పెట్టుబడిదారు అయ్యింది మాత్రం ఆ చట్టంతోనే.

#4 పాతమేనేజర్ (ఖమ్మం)

బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. వ్యవసాయ రుణాలే ఎక్కువగా చూశాను. మూసీగట్టు గారూ, మీ ప్లాంటు లెక్క బ్యాంకు కళ్లతో ఒకసారి వేసి చూపిస్తాను. అంకెలు అంచనాలే, మీ కొటేషన్లు పెట్టి మార్చుకోండి.

ఒక మెగావాట్‌కి లైను ఖర్చుతో కలిపి 3.5 కోట్లు అనుకుందాం. 30 శాతం మీ వాటా, అంటే 1.05 కోట్లు. మిగతా 2.45 కోట్లు అప్పు, 12 ఏళ్లు. మన ఎండకి ఏడాదికి 15 లక్షల యూనిట్లు రావాలి. తెలంగాణలో కుసుమ్ ధర యూనిట్‌కి 3.13 రూపాయలు. అంటే ఏడాది రాబడి 47 లక్షలు. కడగడం, కాపలా, ఇన్సూరెన్సు, చిన్నాచితకా రిపేర్లకి 4 లక్షలు తీసేయండి. 43 లక్షలు.

ఇప్పుడు వడ్డీ. 10.5 శాతం అయితే నెలకి 3 లక్షల కిస్తీ, ఏడాదికి 36 లక్షలు. మీకు మిగిలేది 7 లక్షలు. అదే 7 శాతం అయితే కిస్తీ రెండున్నర లక్షలు, ఏడాదికి 30 లక్షల చిల్లర. మిగిలేది దాదాపు 13 లక్షలు. అవే ప్యానెళ్లు, అదే ఎండ, అదే భూమి. వడ్డీ ఒక్కటి మారితే రైతు చేతికొచ్చేది దాదాపు రెండింతలైంది.

ఎందుకింత తేడా అంటే సోలార్‌కి బొగ్గు కొననక్కర్లేదు. ఖర్చంతా మొదటి రోజునే పెట్టేస్తాం. తర్వాత ఏళ్ల తరబడి మనం కట్టేది ప్రధానంగా ఆ డబ్బుకి అద్దె. ధనిక దేశాల్లో పెద్ద సోలార్ ప్లాంట్లకి దొరికే డబ్బు కన్నా వర్ధమాన దేశాల్లో దొరికేది రెండింతలకు పైగా ఖరీదని అంతర్జాతీయ ఇంధన సంస్థ ఏళ్లుగా చెబుతోంది. కాబట్టి బాకూ, బెలెం సభల్లో చెప్పిన డబ్బు నిజంగా ఉపయోగపడాలంటే అది మన వడ్డీ తగ్గించే రూపంలో రావాలి. మార్కెట్ రేటుకే ఇంకో అప్పు ఇచ్చి దాన్ని సాయం కింద రాసుకుంటే మీ చెలకలో ఒక్క ప్యానెల్ కూడా అదనంగా లేవదు.

ఇంకో లెక్క కూడా చూడండి, బ్యాంకు భయమంతా ఇక్కడే ఉంటుంది. డిస్కం బిల్లు ఆరు నెలలు ఆపితే మీకు రావాల్సిన 23 లక్షలు ఆగిపోతాయి. కిస్తీ మాత్రం ఆగదు. మూడు నెలలు కిస్తీ కట్టకపోతే మీ ఖాతా మొండి బకాయి కింద పడుతుంది. ప్లాటు తాకట్టు అడిగినవాళ్ల మనసులో ఉన్నది ఇదే. వాళ్లకి ఎండ మీద అనుమానం లేదు. బిల్లు టైముకి వస్తుందా అన్నదే అనుమానం.

#5 మూసీగట్టు

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. నేను 43 లక్షల దగ్గరే ఆగిపోయి లాభమని లెక్క వేసుకున్నా. డిస్కం బిల్లులు అంత ఆలస్యం అవుతాయా? ఒప్పందం 25 ఏళ్లకి రాసిస్తారు కదా, దానికి విలువ లేదా?

#6 రేనాడు (నంద్యాల)

ఒప్పందానికి విలువ ఉంటుంది అన్నా, కాని దాన్ని నిలబెట్టుకోవడానికి కోర్టుకి పోవాల్సి వస్తే చిన్నోడు తట్టుకోలేడు. మా దగ్గర జరిగింది చెప్తాను.

గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అప్పట్లో ఒకేచోట అంత పెద్దది దేశంలోనే గొప్ప. అనంతపురం వైపు గాలిమరలు సరేసరి. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చింది, జులైలో ధరలు ఎక్కువగా ఉన్నాయని, పాత ఒప్పందాల మీద మళ్లీ బేరం ఆడడానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. తేలేదాకా గాలి కరెంటుకి 2.43, సోలార్‌కి 2.44 చొప్పున ఇవ్వమని కోర్టు తాత్కాలికంగా చెప్పింది. చివరికి 2022 మార్చిలో, ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలి అని తీర్పు వచ్చింది.

ధర ఎక్కువా కాదా అన్న వాదనలో రెండు వైపులా న్యాయం ఉంది. డిస్కం మునిగితే ఆ భారం మళ్లీ మన మీదే. కానీ మధ్యలో పోయిన ఆ రెండున్నరేళ్లూ చూసిన బ్యాంకులు, విదేశీ ఫండ్లు ఏం నేర్చుకున్నాయో ఆలోచించండి. ఈ రాష్ట్రంలో సంతకం అంటే వడ్డీలో ఇంకో అర శాతం కలుపుకోవాలి అని నేర్చుకున్నాయి. ఆ అర శాతం ఇప్పుడు మా దగ్గర మీలాంటి వాళ్లు కడతారు. 2024లో ఆంధ్రప్రదేశ్ కొత్త విధానం 160 గిగావాట్లు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు), 10 లక్షల కోట్ల పెట్టుబడి అంటోంది. నాకు ఆ అంకె మీద వ్యతిరేకత లేదు, మా సీమకి పని వస్తే నాకన్నా సంతోషించేవాడు లేడు. కానీ ఎవరైనా నన్ను అడిగితే, అంకె పెంచకపోయినా ఫరవాలేదు, ప్రతి నెలా బిల్లు కట్టి చూపించండి, పెట్టుబడి దానంతట అదే వస్తుంది అంటాను.

ఇంకో మాట. పార్కుకి భూములు పోయినప్పుడు పట్టా ఉన్నవాడికి డబ్బు వచ్చింది. అదే భూమిలో గొర్రెలు మేపుకున్నవాడికి, కూలికి పోయినవాడికి ఏ కాగితమూ లేదు కాబట్టి ఏమీ రాలేదు. మీది సొంత చెలక, మీరే యజమాని. ఈ చిన్న ప్లాంట్ల పద్ధతి నాకు అందుకే నచ్చుతుంది.

#7 పాతమేనేజర్

రేనాడు గారి మాటకి చిన్న చేర్పు. 2022 జూన్‌లో కేంద్రం ఆలస్య చెల్లింపుల నిబంధనలు తెచ్చింది. అప్పటికి దేశమంతా డిస్కంల పాత బకాయిలు దాదాపు 1.4 లక్షల కోట్లు. వాటిని కిస్తీలుగా కట్టాలి, కొత్త బిల్లులు ఆపితే బయటి మార్కెట్‌లో కరెంటు కొనుక్కునే వీలు పోతుంది అని పెట్టారు. ఆ తర్వాత పాత బకాయిలు చాలావరకు కరిగాయి. ఏ సభా ఏ తీర్మానమూ చెయ్యకుండానే, ఒక్క నిబంధనతో సోలార్ పెట్టుబడికి జరిగిన మేలు ఇది. మూసీగట్టు గారు మీ డిస్కంలో చిన్న ఉత్పత్తిదారులకి ఇప్పుడు ఎన్నాళ్లకి డబ్బు వస్తోందో, ఇప్పటికే నడుపుతున్న ఇద్దరు ముగ్గురు రైతులని కనుక్కోండి. ఆఫీసులో అడిగితే రూలు చెప్తారు, రైతుని అడిగితే బ్యాంకు పాసుబుక్కు చూపిస్తాడు.

#8 లైన్‌క్లియర్ (వరంగల్)

డిస్కంలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) చేశాను, అందుకే అందరూ వదిలేసిన విషయం రాస్తున్నా. ధర, వడ్డీ, బిల్లు అన్నీ బాగున్నా మీ కరెంటు బయటికి వెళ్లాలి కదా. దానికి సబ్‌స్టేషన్‌లో సప్లై ఉండాలి.

మీరు పెట్టేది గ్రిడ్‌కి కట్టిన ప్లాంటు. 11 కేవీ లైనులో సప్లై పోతే మీ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం అలా ఆగి తీరాలి. అంటే మధ్యాహ్నం పన్నెండింటికి మండే ఎండలో, కింద ఎవరో జంపర్ (స్తంభం మీద వైర్లని కలిపే ముక్క) మార్చడానికి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపే అనుమతి) తీసుకుంటే మీ మీటరు సున్నా. ఆ గంటల డబ్బు మీకు ఎవరూ ఇవ్వరు. పాతమేనేజర్ గారు 15 లక్షల యూనిట్లు అన్నారు. రోజూ పగటిపూట సగటున అరగంట సప్లై పోతే అందులో నుంచి ఎంత పోతుందో మీరే లెక్క వేసుకోండి. ఈదురుగాలుల నెలల్లో చెట్టుకొమ్మలు పడి ట్రిప్ అయ్యే ఫీడర్లు నాకు ఎన్నో తెలుసు.

కాబట్టి డబ్బు పెట్టేముందు మీరు చూడాల్సింది సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ బల్ల మీద ఉండే లాగ్‌బుక్. ఏ బ్రేకర్ ఎప్పుడు పడింది, ఎప్పుడు ఎత్తారు, కారణం ఏంటి అన్నీ చేత్తో రాసి ఉంటాయి. గడిచిన ఏడాది పొద్దున 8 నుంచి సాయంత్రం 5 మధ్య పోయిన గంటలు కూడండి. తర్వాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎంత కెపాసిటీ, దాని మీద ఇప్పటికే ఎన్ని సోలార్ ప్లాంట్లకి అనుమతి ఇచ్చారు, మీ లైను కలపడానికి బే (బ్రేకర్, స్విచ్‌లు పెట్టే చోటు) ఖాళీ ఉందా అని అడగండి. బే కట్టాల్సి వస్తే ఖర్చు ఎవరిదో రాతలో తీసుకోండి.

ఇందులో మంచి సంగతి కూడా ఉంది. మీ సబ్‌స్టేషన్ కింద వ్యవసాయ మోటార్లు పగలు నడుస్తాయి. మీ కరెంటు అక్కడే పుట్టి అక్కడే ఖర్చవుతుంది. ఎక్కడో పుట్టిన కరెంటు ఇంత దూరం వైర్లలో రావడంలో పోయే నష్టం తగ్గుతుంది, చివరి బోరు దగ్గర ఓల్టేజీ నిలబడుతుంది, మోటార్లు కాలిపోవడం తగ్గుతుంది. ఇందుకే కేంద్రం కుసుమ్‌లో మీలాంటి రైతు దగ్గర కొన్నందుకు డిస్కంకి మొదటి ఐదేళ్లు యూనిట్‌కి 40 పైసల దాకా ప్రోత్సాహకం ఇస్తుంది. గమనించండి, ఆ 40 పైసలు మీకు కాదు, డిస్కంకి. చాలామంది రైతులు ఇక్కడ పొరబడుతున్నారు.

పెద్ద ప్లాంట్ల కథ వేరు. దేశంలో టెండర్లు గెలిచి కూడా కొనేవాళ్లు సంతకం పెట్టక 40 గిగావాట్లకు పైగా ఆగిపోయిన రోజులు చూశాం. కారణం ఒకటే, డిస్కంకి మధ్యాహ్నం కరెంటు కావలసినంత ఉంది, కొరత సాయంత్రం ఏడింటికి. అందుకే ఇప్పుడు నిల్వ గురించి మాట్లాడుతున్నారు. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల ప్రాజెక్టులో చేస్తున్నది అదే. పగలు సోలార్‌తో నీళ్లు పై రిజర్వాయర్‌కి ఎక్కించి, సాయంత్రం కిందికి వదిలి కరెంటు తీస్తారు. నన్నడిగితే వచ్చే ఐదేళ్లలో వాతావరణ పెట్టుబడి మొదట వెళ్లాల్సినవి ఈ నిల్వ, లైన్లు, సబ్‌స్టేషన్లు. రిబ్బన్ కటింగ్‌కి ఇవి ఆకర్షణగా ఉండవు, అందుకే వెనకబడుతున్నాయి.

#9 ఉప్పాడఅల (కాకినాడ జిల్లా)

అందరూ సోలార్ గురించే మాట్లాడుతున్నారు. యూనిట్‌కి ధర ఉంది కాబట్టి అక్కడ లెక్క కుదురుతుంది. మా దగ్గర సముద్రం ఏడాదికేడాది ఊళ్లోకి వస్తోంది. ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి, బీచ్ రోడ్డు ప్రతి తుపానుకి కోసుకుపోతుంది. పదిహేనేళ్ల కిందట వేసిన జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ అలలకి చినిగిపోయింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు రోడ్డు మళ్లీ దెబ్బతింది. ఈ గోడకి ఏ బ్యాంకు అప్పు ఇస్తుంది? గోడ నుంచి నెలకి ఎంత రాబడి అని అడుగుతారు. రాబడి లేదు, మా పిల్లలు రాత్రి నిద్రపోతారు, అంతే.

#10 ఎల్బేతీరం

ఉప్పాడఅల గారూ, మీ ప్రశ్నే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా కష్టమైనది. ప్రైవేటు పెట్టుబడి రాబడి ఉన్నచోటికే పోతుంది. మీ గోడలాంటి, వాతావరణ మార్పుని తట్టుకునే పనులకి గ్రాంటే దారి, ఆ గ్రాంట్లే అన్నిటికన్నా తక్కువ. బెలెంలో ఈ ఆర్థిక సాయాన్ని 2035 కల్లా కనీసం మూడింతలు చేసే ప్రయత్నం జరగాలన్నారు. వాతావరణ విపత్తుల్లో నష్టపోయిన వర్ధమాన దేశాల కోసం పెట్టిన నిధి కూడా తొలిసారి 25 కోట్ల డాలర్లకి దరఖాస్తులు పిలిచింది. ప్రపంచమంతటికీ కలిపి అంతే.

కానీ ఇది మన తీరానికి కొత్త కాదు. హరిత వాతావరణ నిధి 2018లోనే ఆంధ్ర, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకి 4.34 కోట్ల డాలర్ల గ్రాంట్ ఆమోదించింది. మడ అడవులు పెంచడం, పీతల పెంపకం లాంటి జీవనోపాధి, తీర రక్షణ అందులో ఉన్నాయి. ఆ పనుల్లో మీ మండలానికి ఏం వచ్చిందో గ్రామసభలో అడిగే హక్కు మీకు ఉంది. సొంతంగా దరఖాస్తు పెట్టే శక్తి పంచాయతీకి లేదు, నిజమే. ఒక్కో దరఖాస్తు వందల పేజీలు. కోత రేటు ఎంత, ఎన్ని ఇళ్లు, మడ అడవి పెంచితే ఎంత ఆగుతుంది అన్న కొలతలు ఉంటేనే పై వాళ్లు ఫైలు ముట్టుకుంటారు. ఆ కొలతలు తీయించి పెట్టే బాధ్యత జిల్లా యంత్రాంగానిది. డబ్బు తక్కువగా ఉండటంతో పాటు, అడిగే కాగితం సిద్ధంగా లేకపోవడం వల్ల కూడా మన తీరం వెనక వరసలో పడుతోంది.

#11 ఉప్పాడఅల

సాయం వచ్చినచోట మడ మొక్కలు నాటినవాళ్లు మా ఆడవాళ్లే, బురదలో మోకాళ్ల దాకా దిగి నాటారు. బతికిన మొక్కలు ఎన్ని అని తర్వాత వచ్చి లెక్క చూసినవాళ్లని నేను చూడలేదు. నాటిన లెక్క కాకుండా బతికిన లెక్క మీద డబ్బు ఇస్తే బాగుంటుంది. కొలతల మాట మాత్రం నిజం. కలెక్టర్ గారికి వినతిపత్రం ఇచ్చేటప్పుడు అది రాయిస్తాం.

#12 బొగ్గుటోపీ (మందమర్రి)

నేను సింగరేణిలో పనిచేస్తా. మా నాన్నా ఇదే కంపెనీ. మా మందమర్రిలో కంపెనీయే సోలార్ ప్లాంట్ పెట్టింది, ఇల్లందు, మణుగూరులోనూ ఉన్నాయి. మంచి పనే. కాని ఒక గనిలో దిగే మనుషులెందరు, ఆ ప్లాంటులో కావలసిన మనుషులెందరు? ప్యానెళ్లు కడగడానికి, కాపలాకి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

దక్షిణాఫ్రికా సంగతి చదివాను. 2021 గ్లాస్గో సభలో వాళ్లకి 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ ప్రకటించారు, బొగ్గు నుంచి న్యాయంగా బయటపడటానికని. అందులోనూ ఎక్కువ అప్పులే, గ్రాంటు చాలా స్వల్పం. 2025లో అమెరికా తప్పుకుంది. కొమాటి అనే పాత బొగ్గు ప్లాంటుని 2022 అక్టోబరులో మూసేశారు. దాన్ని మార్చడానికి ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. కాని ప్లాంటు మూసినంత వేగంగా కొత్త పనులు రాలేదు. పర్మినెంటు వాళ్లని వేరేచోటికి పంపారు. ప్లాంటు మీద బతికిన కాంట్రాక్టు కూలీలు, టీ కొట్లు, అద్దె ఇళ్లవాళ్లు ఆగమయ్యారు. ఆ ఊరి పేరు తీసేసి మా బెల్లంపల్లి పేరు పెడితే అచ్చం సరిపోతుంది. అక్కడ గనులు తగ్గాక ఏమైందో మా కళ్లతో చూశాం, దానికి ఏ వాతావరణ ఒప్పందమూ కారణం కాదు, బొగ్గు అయిపోయింది అంతే.

దేశంలో కరెంటు ఇంకా 70 శాతం అటూ ఇటూగా బొగ్గు నుంచే వస్తోంది. రేపే ఆగిపోదని మాకూ తెలుసు. ఆ టైము ఉంది కాబట్టే ఇప్పుడే మొదలుపెట్టమంటున్నా. 2070కి కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా అని దేశం అన్నప్పుడు, ఇవాళ ఐటీఐలో చేరిన పిల్లాడికి ఏ ట్రేడ్ నేర్పుతున్నారు? సబ్‌స్టేషన్ పని, బ్యాటరీల పని, పంపుల పని కోల్‌బెల్టులోనే నేర్పండి, కంపెనీలు ఇక్కడే పెట్టండి. పెట్టుబడి లెక్కలో మనిషికి కూడా ఒక వరస ఉండాలి.

#13 సూటిప్రశ్న

బొగ్గుటోపీ అన్నా, మీ పోస్టు చదివి నా స్వరం కొంచెం తగ్గించుకోవాలనిపించింది. కానీ నా అసలు ప్రశ్న అలాగే ఉంది. ఇన్ని పనులూ మన ఇంట్లో మనమే చేసుకోవాల్సినవైతే, ఆ సభల హామీలతో నిజంగా ఏమైనా ఒరిగిందా?

#14 పాతమేనేజర్

ఒరిగింది, దారి చూపిస్తాను. 2021లో గ్లాస్గోలో ప్రధాని 2030 కల్లా బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వనరుల సామర్థ్యం 500 గిగావాట్లు అన్నారు. ఆ మాట ఇచ్చాక మంత్రిత్వ శాఖలకి ఏటా లెక్క చెప్పాల్సిన అవసరం వచ్చింది. దాంతో ఏం జరిగింది? 2023 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రభుత్వం తొలిసారి గ్రీన్ బాండ్లు (పర్యావరణ పనుల కోసం తీసుకునే అప్పు పత్రాలు) అమ్మింది, రెండు విడతల్లో 16 వేల కోట్లు తెచ్చింది. వడ్డీలో కలిసొచ్చింది నామమాత్రమే, కాని దారి పడింది. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్, కుసుమ్‌లో రైతులు పెట్టే ప్లాంట్లని వ్యవసాయ మౌలిక వసతుల నిధితో కలిపింది. ఆ నిధి కింద 2 కోట్ల వరకు అప్పు మీద ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. రిజర్వ్ బ్యాంకు కూడా ఇలాంటి రైతు ప్లాంట్ల అప్పుల్ని ప్రాధాన్య రంగంలో (బ్యాంకులు తమ అప్పుల్లో కొంత శాతం తప్పనిసరిగా ఇవ్వాల్సిన రంగంలో) లెక్కిస్తుంది.

నా మొదటి పోస్టులో 10.5కీ 7కీ తేడా చూపించాను. ఆ తేడాలో చాలా భాగం ఇప్పటికే కాగితం మీద మీకు ఉంది మూసీగట్టు గారూ. ఢిల్లీ దాకా వచ్చిన హామీ మీ బ్రాంచి గడప దగ్గర ఆగిపోయింది. మేనేజర్‌కి ఈ సర్క్యులర్ చదివే తీరిక లేదు, ఇలాంటి ఫైలు మీద సంతకం పెట్టిన అనుభవం లేదు, తప్పు జరిగితే విచారణ తన మీదికే వస్తుందన్న టెన్షన్ మాత్రం ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను. జిల్లాకి ఒక్క మనిషిని, సోలార్ ఫైలు తయారుచేయడం, చదవడం రెండూ తెలిసినవాణ్ణి లీడ్ బ్యాంకు (జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే బ్యాంకు) దగ్గర కూర్చోబెడితే వందల ఫైళ్లు కదులుతాయి. అంతర్జాతీయ సాయంలో కొంచెం ఇలాంటి పనికి ఖర్చు పెట్టమని నేను గట్టిగా అంటాను.

#15 సమాఖ్యఅక్క (మహబూబ్‌నగర్ జిల్లా)

నేను మండల సమాఖ్యలో పనిచేస్తాను. తెలంగాణలో మహిళా సంఘాలతో 1,000 మెగావాట్ల సోలార్ పెట్టించాలని ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. మా మీటింగుల్లో ముందు ఆడవాళ్లు అడిగిన ప్రశ్న ఏంటో తెలుసా? "ప్యానెల్ పగిలితే ఎవరి బాధ్యత?" రెండో ప్రశ్న, "సంఘం పేరు మీద అప్పు, పెత్తనం కాంట్రాక్టర్‌దా?" ఈ రెంటికీ రాతపూర్వకంగా జవాబు రాందే సంతకాలు పెట్టొద్దని మేమే చెప్పాం.

మూసీగట్టు అన్నకి ఒక సలహా. ఒక్కరే కాకుండా పక్క చెలకలవాళ్లతో కలవండి. రైతు ఉత్పత్తిదారుల సంఘం, సహకార సంఘం, మహిళా సంఘం ఏదైనా సరే, కుసుమ్‌లో అవకాశం ఉంది. మా సంఘాలు అప్పులు ఎలా తిరిగి కడతాయో బ్యాంకులకి ఏళ్లుగా తెలుసు, ఆ నమ్మకమే పెద్ద తాకట్టు. 1.05 కోట్ల వాటా ఒక్క కుటుంబం తేవాలంటే భూమి అమ్ముకోవాల్సిందే. అది మాత్రం చెయ్యొద్దు.

#16 మూసీగట్టు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇక్కడ రాసినవి ప్రింటు తీసుకుని బ్రాంచికి వెళ్లాను. వ్యవసాయ మౌలిక వసతుల నిధి గురించి అడిగితే మేనేజర్ గారు కూర్చోమని కంప్యూటర్‌లో సర్క్యులర్ వెతికారు, దొరికింది. రీజినల్ ఆఫీసుకి రాస్తానన్నారు, ప్రాజెక్టు రిపోర్టు, డిస్కం అనుమతి కాపీ తెమ్మన్నారు. తాకట్టు సంగతి ఇంకా తేలలేదు. పక్క చెలకల ఇద్దరు అన్నదమ్ములు కలుస్తామంటున్నారు, ఇంట్లో మాట్లాడి చెప్తామన్నారు.

లైన్‌క్లియర్ సార్, లాగ్‌బుక్ చూశాను. ఏప్రిల్, మే నెలల్లోనే పగటిపూట ఎక్కువ ట్రిప్పులున్నాయి. చాలావాటికి కారణం కాలమ్‌లో "ఈఎఫ్" అని రాసి ఉంది. అంటే ఏంటి? ఇది ఆగే దారి ఉందా?

#17 లైన్‌క్లియర్

ఈఎఫ్ అంటే ఎర్త్ ఫాల్ట్. కొమ్మ తగలడం, పగిలిన ఇన్సులేటర్, జారిన వైరు, వీటిలో ఏదో ఒకటి. ఆపొచ్చు. మార్చిలోపు మీ ఫీడర్ పొడుగునా చెట్లు కొట్టించి, పగిలిన పింగాణీ ఇన్సులేటర్లు మార్పిస్తే సగానికి పైగా తగ్గుతాయి. ఏఈ గారికి అర్జీ పెట్టండి, ఏ స్తంభం దగ్గర ఏముందో లైన్‌మన్‌తో కలిసి నడిచి నంబర్లు రాసి ఇవ్వండి. మీరు ప్యానెళ్లు ఆర్డర్ పెట్టేది ఈ పని అయ్యాకే.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ రాయలేదు మీరు. అది 3.15 ఎంవీఏనా, 5 ఎంవీఏనా (ఎంవీఏ అంటే ట్రాన్స్‌ఫార్మర్ కెపాసిటీ కొలత) చూసి చెప్పండి. దాని మీద ఇంకెవరికైనా అనుమతి ఇచ్చారేమో కూడా అడగండి. అది తేలాక బే సంగతి మాట్లాడదాం.